లేదన్న వాసన

మూత తీసి సీసాను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది కార్తీక. ఏమీ తెలియలేదు. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చింది. చక్కెర పాకం తీపి తగిలింది. దాని వెనక స్పిరిట్ ఘాటు. అంతే. పువ్వన్నది లేదు.

సీసాను దీపం వెలుతురుకు ఎత్తి చూసింది. రంగు సరిగ్గానే ఉంది, నేరేడుపళ్ళు కడిగిన నీళ్ళలా. సగానికి పైగా అయిపోయింది. చెంచాలోకి కొంచెం వొంపుకుని నాలుక మీద వేసుకుంది. తీపి తప్ప మరేం లేదు. నీళ్ళలో చక్కెర కరిగించి రంగు కలిపినా ఇట్లాగే ఉంటుంది.

బార్ తెరవడానికి ఇంకా చాలా టైం ఉంది. చెన్నై నుంగంబాక్కంలో ఆ హోటల్ మొదటి అంతస్తులో, కర్టెన్లు మూసిన ఆ గదిలో, కుర్చీలన్నీ ఇంకా బల్లల మీదే తలకిందులుగా ఉన్నాయి. కౌంటర్ చివర కలైవాణి నిమ్మకాయలు పిండుతోంది. ఆమె పక్కన కేశవ్ గ్లాసులు తుడిచి వరసగా పెడుతున్నాడు. ఇద్దరూ బార్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. కార్తీక సూపర్‌వైజర్.

శుక్రవారం నుంచి పాత కాక్‌టెయిళ్ళ మెనూ మొదలవుతుంది. వాటిలో మొదటిదాని పేరు ఏవియేషన్. జిన్, నిమ్మరసం, చెర్రీ లిక్యూర్, చివర ఒక్క చెంచాడు వయొలెట్ లిక్యూర్. ఎక్కడో చలిదేశాల్లో పూసే చిన్న ఊదారంగు పువ్వును స్పిరిట్‌లో నానబెట్టి, తియ్యగా చేసి సీసాల్లో పోస్తారు. ఆ చెంచాడు పడితేనే ఆ డ్రింకుకు తెల్లవారబోయే ముందు ఆకాశం రంగు వస్తుంది, పూల వాసన వస్తుంది. రెండు సీసాలు తెప్పించడానికి కార్తీక నెలల తరబడి సప్లయర్ వెంట పడింది. తీరా అవి వచ్చిన వారం ఆమె బంధువుల పెళ్ళికని తిరుత్తణి వెళ్ళింది. ఆ వారంలోనే కంపెనీ మనిషి వచ్చి, ఒక సీసా తెరిచి, అందరికీ నేర్పించి వెళ్ళాడు. అప్పటినుంచి ఆ సీసా గోడలోని చెక్క బీరువాలో ఉంది. దాని తాళంచెవి మునికృష్ణ నడుముకు ఉంటుంది.

మునికృష్ణ స్టోర్ నుంచి ఐసు డబ్బా మోసుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆ బార్‌లో అందరికంటే పాతవాడు. కార్తీక ట్రైనీగా చేరినప్పుడు షేకర్ పట్టుకోవడం చూపించింది అతనే. హోటల్లో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. ఆమెది చూలైలో స్థిరపడిన వ్యాపారుల ఇల్లు, అతనిది ఎన్నూరు పక్క. గెస్టులు, మేనేజర్లు ఎదురుగా లేనప్పుడు ఆమెను పాపా అంటాడు.

"అన్నా, ఈ వయొలెట్ ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఎవురు ముట్టుకుంటారు? బీగం నాకాడే ఉండాది గదా."

"దీంట్లో వాసన లేదు."

ఐసు డబ్బా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అతను సీసా అందుకున్నాడు. మూత దగ్గర ఒక్కసారి వాసన చూసి నవ్వాడు.

"లేకపోవడమేంది పాపా? మూత తీస్తానే గుమ్మని కొడతా ఉండాదే."

కార్తీకకు సర్రున కోపం వచ్చింది. ఏడేళ్ళుగా ఈ హోటల్ ఆమె ముక్కునే నమ్ముతోంది. కళ్ళు మూసుకుని ఏ జిన్ ఎక్కడిదో చెప్పగలదు. కాఫీ మాడిందో లేదో తలుపు అవతలినుంచే చెప్పగలదు. పై అంతస్తులో కొత్తగా కడుతున్న బార్‌ను ఆమెకు ఇస్తామన్నది అందుకే. అట్లాంటి ఆమె ముందు నిలబడి, ఎదురుగా సీసా పెట్టుకుని, లేనిదాన్ని ఉందంటున్నాడు. తాగి నీళ్ళు కలిపాడన్నా, బయట ఎవరికో ఇచ్చేశాడన్నా ఆమె ఇంత కోపం తెచ్చుకునేది కాదేమో. మొహం మీదే అబద్ధం ఆడడం ఆమెకు తట్టుకోలేనిదిగా అనిపించింది.

"కలై, ఇటు రా," అంది తమిళంలో. "ఇది చూసి చెప్పు. వాసన ఏం లేదు కదా?"

కలైవాణి చేతులు కడుక్కుని వచ్చింది. సీసా మీద వంగింది. తల ఎత్తి మొదట కార్తీక మొహం చూసింది, తర్వాత మునికృష్ణ మొహం చూసింది.

"లేదు మేడం."

"కేశవ్?"

కేశవ్ సీసాను ముక్కుకు దూరంగానే పట్టుకున్నాడు. "ఏం తెలియడం లేదు మేడం," అన్నాడు.

మునికృష్ణ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కార్తీక వైపు తిరిగి, చాలా మెల్లగా, "నేను తాగేటోణ్ణా పాపా? నాకు షుగర్ ఉండేది నీకు తెలీదా?" అన్నాడు.

"తాగావని నేననలేదు. ఇందులో ఉన్నది ఏమైందని అడగతా ఉండా."

"ఉండేది ఉన్నట్టే ఉండాది."

కార్తీక ఫోన్ తీసి భక్తవత్సలానికి చేసింది. హోటల్లో తిండి, మద్యం వ్యవహారాలన్నీ చూసే మేనేజర్ అతను. సూటు సరిచేసుకుంటూ వచ్చాడు, సీసా అందుకున్నాడు, వాసన చూస్తున్నంతసేపూ కార్తీకనే చూస్తూ ఉన్నాడు. "ఏం లేదు. స్పష్టంగా తెలుస్తోంది," అన్నాడు.

ఆ తర్వాత అంతా త్వరగా జరిగిపోయింది. విచారణ అయ్యేదాకా మునికృష్ణ ఇంట్లో ఉండాలన్నారు. అతను నడుము దగ్గర బీగాల గుత్తి విప్పి, కౌంటర్ మీద చప్పుడు కాకుండా పెట్టాడు. దాన్ని తీసుకుని అతనితోపాటు స్టాఫ్ గేటు దాకా వెళ్ళాల్సి వచ్చింది కార్తీకకు. షిఫ్టు మారే సమయం. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు, వంటవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. సెక్యూరిటీ అతను మునికృష్ణ సంచిని బల్ల మీద బోర్లించాడు. స్టీలు క్యారియర్, చిన్న తువ్వాలు, కళ్ళజోడు డబ్బా, షుగర్ మాత్రల అట్ట. క్యారియర్ గిన్నెలన్నీ మూతలు తీసి ఒక్కొక్కటే వాసన చూశాడు సెక్యూరిటీ అతను. మునికృష్ణ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎవరినీ చూడకుండా, గేటు అవతల రోడ్డును చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అన్నీ తనే సర్దుకున్నాడు. మాత్రల అట్ట కింద పడితే వంగి తీసుకున్నాడు.



*

మర్నాడు కార్తీకకు ఏ పనీ కుదరలేదు. నిమ్మతొక్క సన్నగా చెక్కుతుంటే కత్తి జారి బొటనవేలు తెగింది. ఒక బల్ల వాళ్ళు అడిగింది ఇంకో బల్లకు పంపింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు. కౌంటర్ వెనక ఈ చివరినుంచి ఆ చివరికి ఊరికే తిరిగింది. కలైవాణి, కేశవ్ ఆమె దగ్గరికి వచ్చినప్పుడల్లా మాటలు ఆపేస్తున్నారు. అది మునికృష్ణ మీద దిగులేమో అనుకుంది. మంచిదే, పాతవాడు కదా, దిగులు ఉంటుంది అని సర్దిచెప్పుకుంది.

అబద్ధం చెప్పేవాడు కళ్ళు తిప్పుకుంటాడు. మునికృష్ణ తిప్పుకోలేదు. ఆ సంగతి పొద్దుటినుంచీ ఆమెను పొడుస్తూనే ఉంది.

ఆ తర్వాతి రోజు మహావీర్ జయంతి. ఊరంతా మద్యం బంద్. ఇట్లాంటి రోజుల్లో బార్ మూసి, సరుకు లెక్క చూసుకుంటారు. కార్తీక ఒక్కతే వచ్చి బీరువా తెరిచింది. రెండో వయొలెట్ సీసా ఇంకా సీలుతోనే ఉంది. ఎవరూ ముట్టుకోనిది. దాన్ని తెరిస్తే అసలుదీ కల్తీదీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు, ఇక ఎవరికీ అనుమానం ఉండదు అనుకుంది. ఆమె అనుమానమే ముందు తీరాలి.

సీలు బిగుసుకుని ఉంది. గుడ్డ చుట్టి గట్టిగా తిప్పేసరికి ఒక్కసారిగా ఊడి, ఇంత లిక్యూర్ చొక్కా చేతి మీద ఒలికింది. తిట్టుకుంటూ తుడుచుకుంది. తర్వాత సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది.

తీపి. స్పిరిట్. అంతే.

రెండు గ్లాసుల్లో రెండు సీసాలదీ పోసి, ఒకదాని తర్వాత ఒకటి వాసన చూసింది. తేడా లేదు. రెండూ ఒక్కటే. రెండూ ఏమీ కావు.

వెంటనే భక్తవత్సలానికి ఫోన్ చేసింది. "సార్, సప్లయరే మోసం చేశాడు. సీలు తీయని సీసాలో కూడా వాసన లేదు. మునికృష్ణ అన్న తప్పేం లేదు."

"రేపు మాట్లాడదాం," అన్నాడు. "సప్లయర్ మీద ఇప్పుడే ఏమీ అనకు. మన లైసెన్సు సరుకంతా అక్కడినుంచే వస్తుంది."

"కానీ అతన్ని..."

"రేపు, కార్తీక."

లెక్క సగంలో వదిలేసి బార్ మూసేసింది. బస్సులో ఆడవాళ్ళ వైపు సీటు దొరికింది. పక్కన కూర్చున్న ముసలావిడ రెండుసార్లు ఆమె వైపు తిరిగి చూసింది. కార్తీక పట్టించుకోలేదు.

చూలైలో వాళ్ళ ఇల్లు ఇనప సామాన్ల దుకాణం పైన. మెట్లెక్కి వచ్చేసరికి తల్లి రాజలక్ష్మి మిద్దెమీద ఎండిన వడియాలను గుడ్డమీదినుంచి ఊడదీస్తూ ఉంది. వెనకనుంచి గుడ్డకు తడి అద్ది, వేలితో ఒక్కొక్కటే తోస్తోంది. కార్తీక పక్కన గొంతుకూర్చుని తనూ తీయబోయింది. రాజలక్ష్మి చెయ్యి ఆపి ముక్కు ఎగబీల్చింది.

"ఏమే, ఏం సెంటు పూసుకున్నావు?"

"ఏం పూసుకోలేదు."

"పూసుకోకుండానే ఇంత వాసనా? వడియాలకు పట్టేట్టు ఉండాది. దూరంగా కూచో."

కార్తీక కదలలేదు. "యాడ వస్తా ఉంది మా?"

"నీ కాడే. ఇదిగో ఈ చేతికాడ." రాజలక్ష్మి ఆమె చొక్కా చెయ్యి పట్టి లాగి వాసన చూసింది. "బాగుండాది. పౌడరు మాదిరి, పూల మాదిరి. ఏం పువ్వే ఇది?"

ఆమె చొక్కా చేతిని తన ముక్కుకు ఆనించుకుంది. గంజి వాసన వచ్చింది. చెమట వాసన వచ్చింది. తల్లి వేళ్ళ నుంచి అంటిన జీలకర్ర, ఇంగువ వాసన కూడా వచ్చింది. పువ్వు మాత్రం రాలేదు.

"వర్షిణీ!" అని కేక పెట్టింది. కాలేజీ పుస్తకం చేతిలో పట్టుకుని చెల్లెలు పైకి వచ్చింది. దగ్గరికి రాకముందే, "ఎన్నక్కా, సూపర్ స్మెల్! కొత్త పెర్ఫ్యూమా?" అంది.

ఆ సాయంత్రం కార్తీక వర్షిణిని కూర్చోబెట్టి పరీక్ష పెట్టించుకుంది. లిక్యూర్ ఒలికినచోట చొక్కా చేతిని కత్తిరించేసింది. కొత్త చొక్కా అని తల్లి అరుస్తున్నా వినలేదు. ఆ ముక్కనొకటీ, ఉత్త నీళ్ళలో తడిపిన ముక్కనొకటీ వేరువేరు గిన్నెల్లో పెట్టించి, కళ్ళకు తువ్వాలు కట్టుకుంది. వర్షిణి గిన్నెలు మార్చి మార్చి ముక్కుకింద పెట్టింది. ఏది ఏదో కార్తీక చెప్పలేకపోయింది. ఊహించి చెప్పింది, తప్పింది. మళ్ళీ చెప్పింది. "లేదక్కా, అది నీళ్ళు," అంది వర్షిణి. మొదట నవ్వుతూ అంది. తర్వాత నవ్వడం మానేసింది.

కరివేపాకు పెట్టించుకుంది, చెప్పింది. తల్లి తల్లో మల్లెపూలు, చెప్పింది. దేవుడి అరలోంచి కర్పూరం, చెప్పింది. కింద దుకాణంలో ఎవరో వెల్డింగ్ చేస్తే పైకి వచ్చిన వాసన కూడా చెప్పింది. ఆ ఒక్క పువ్వే లేదు. ఫోన్లో వెతికితే ఉంది. కొందరి ముక్కుకు పుట్టుకతోనే వయొలెట్ వాసన అందదట. వాళ్ళకు ఆ సంగతి జీవితాంతం తెలియకుండానే పోవచ్చట, ఆ పువ్వు ఎదురుపడకపోతే.

తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. వాసన ఉందని అమ్మ అంటోంది, చెల్లి అంటోంది. బస్సులో ముసలావిడ రెండుసార్లు తిరిగి చూసింది. అయితే కలైవాణికి? కేశవ్‌కు? వాళ్ళిద్దరి ముక్కులూ తనలాంటివేనా?

*

పొద్దున్నే బార్‌లో కలైవాణి ఒంటరిగా దొరికింది. పుదీనా ఆకులు తుంపి తడిగుడ్డలో చుడుతోంది.

"ఆ రోజు వయొలెట్ సీసాలో నీకు వాసన వచ్చిందా?" కార్తీక తమిళంలో అడిగింది.

కలైవాణి చేతులు ఆగిపోయాయి.

"నిజం చెప్పు. ఏమీ అనను."

"వచ్చింది మేడం."

"బాగా?"

"బాగా."

"మరి లేదని ఎందుకన్నావు?"

కలైవాణి పుదీనా కాడను వేళ్ళమధ్య తిప్పింది. "మీరు లేదన్నారు కదా మేడం," అంది. "మీరు లేదంటే, నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. తర్వాత అన్న వెళ్ళిపోతుంటే అది నిజం కాదని తెలిసింది. కానీ అప్పటికి చెప్పేశాను కదా."

కేశవ్‌ను అడగాల్సిన పని లేకపోయింది. అతను గ్లాసుల అరల వెనకే నిలబడి ఉన్నాడు, తల ఎత్తలేదు.

తన ముక్కు పనిచేయకపోవడం కంటే ఇది ఎక్కువ గుచ్చుకుంది. తను ప్రశ్న అడగలేదు. జవాబు చెప్పి, దాన్ని ఒప్పుకోమంది.

భక్తవత్సలం తన గదిలో అంతా ఓపిగ్గా విన్నాడు. టేబుల్ మీద పేపర్‌వెయిట్‌ను ఒకసారి తిప్పి ఆపాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఇంట్లోవాళ్ళకు. కలైవాణికి అర్థమయ్యే ఉంటుంది."

"అక్కడితో ఆపెయ్. మునికృష్ణను రమ్మందాం. ఎండకు సీసా పాడైంది, ఎవరి తప్పూ లేదు అని చెబుదాం. జీతం కోత ఉండదు. అతనికీ గౌరవంగా ఉంటుంది, నీకూ ఇబ్బంది ఉండదు." గొంతు తగ్గించాడు. "పైన బార్‌కు నీ పేరు పంపించాను. దానికి వచ్చే గెస్టులు ఎవరనుకున్నావు? వాసన తెలియని బార్‌టెండర్ అని ఎవడైనా రాశాడనుకో, ఏం చేస్తాం? ఒక్క పువ్వే కదా. ఎవరికి తెలుస్తుంది?"

అది తప్పుడు సలహా అని ఆమెకు అనిపించలేదు. నిజానికి ఊపిరి తేలికైంది. అతను వెనక్కి వస్తాడు, అదే కావలసింది. ఆ తేలికతోనే లేచి సెంట్రల్‌కు వెళ్ళి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కింది. రైలు తండయార్‌పేట దాటేసరికి ఆ తేలిక తగ్గడం మొదలైంది. ఎన్నూరులో దిగేసరికి ఏమీ మిగల్లేదు.

మునికృష్ణ ఇల్లు స్టేషన్‌కు దూరమేం కాదు. కంటైనర్ లారీలు పోయే రోడ్డు పక్కన, హౌసింగ్ బోర్డు ఇళ్ళ వరసలో రెండో అంతస్తు. ఆమె మెట్లెక్కేసరికి అతను వరండాలో తీగమీది బట్టలు తీస్తున్నాడు. ఒక్కొక్క బట్టనూ గోడవైపు తిప్పి గట్టిగా విదిలిస్తున్నాడు. పవర్ స్టేషన్ బూడిద సన్నగా రాలుతోంది. ఆమెను చూసి భుజం మీద బట్టలతోనే ఆగాడు.

"రండి మేడం," అన్నాడు.

ఇక్కడ చుట్టూ హోటల్ వాళ్ళెవరూ లేరు. అయినా మేడం అన్నాడు.

అతని భార్య మంగళ కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతులు కట్టుకుని ఉంది. ఎన్నూరు వాగులోంచి వచ్చే గాలి కిటికీ తలుపును కొడుతూ ఉంటే ఎవరూ లేచి వెయ్యలేదు.

"అన్నా, నువ్వు రేపటినుంచి వచ్చెయ్. మేనేజరు చెప్పినాడు. నీ తప్పేం లేదని తేలింది."

"ఎట్టా తేలింది?"

"సీసా... ఎండకు పాడైపోయిందంట. వాసన పోయిందంట."

మునికృష్ణ చేతిలోని చొక్కాను మడత పెట్టాడు. అంచులు సరిచేసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాడు కాలేదే. బాగానే ఉండె గదా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. చెడిపోని వస్తువును చెడిపోయిందంటే అతనికి ఊరికే ఉండడం చేతకాదు, అంతే.

కార్తీక గ్లాసులో నీళ్ళ వైపు చూసింది. కింద రోడ్డు మీద లారీ పోతే గ్లాసులో నీళ్ళు వణికాయి.

"అవును. బాగానే ఉంది," అంది చివరికి. "నాకే తెలీలేదు అన్నా. నా ముక్కుకు ఆ పువ్వు రాదు. పుట్టినప్పటినుంచీ రాదంట. నిన్న ఇంట్లో తెలిసింది. అమ్మకు వస్తా ఉంది, వర్షిణికి వస్తా ఉంది. నాకే రాదు."

మునికృష్ణ ఆమెను చూశాడు. ఆ చూపులో మొదట నమ్మకం లేదు. మెల్లగా వచ్చింది. అతని మొహంలో ఏదో సడలింది. అంతలోనే మళ్ళీ బిగిసింది.

"ఆ పిలకాయలకు?" అన్నాడు.

"వచ్చింది. నేను లేదన్నానని లేదన్నారు."

అతను తల ఊపాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆమెకప్పుడు తెలిసింది. తన మాట కాదు అతన్ని ఈ మూడు రోజులూ తిన్నది. అతను చెయ్యి పట్టి పని నేర్పిన ఆ ఇద్దరు.

గుమ్మంలోంచి మంగళ మాట్లాడింది. "ఇది మీరు ఈడికొచ్చి చెప్పే మాట కాదమ్మా."

"ఉండవే," అన్నాడు మునికృష్ణ.

"నేనెందుకుండాల? గేటుకాడ గిన్నెల మూతలు తీసి చూసినారంట. నేను చేసి పంపిన కూర. ఆ గిన్నెలు నేనింకా వాడలేదు, ఆ మూల పెట్టినా చూడండి." మంగళ గొంతు పెంచలేదు. "ఎదురింటి ఆయన మీ హోటల్లోనే లాండ్రీలో చేస్తాడు. ఆ దినం వరసలో ఆయనా ఉన్నాడు. ఎండకు పాడైంది అంటే ఆయన నమ్ముతాడా? దొంగను జాలిపడి తీసుకున్నారనుకుంటాడు. ఆడ చెప్పినారు, ఆడే చెప్పండి. అందరి ముందర."

కార్తీక మునికృష్ణ వైపు చూసింది. వద్దంటాడేమో, ఎందుకులే పాపా అంటాడేమో అని ఒక్క క్షణం ఆశపడింది. అతను ఇంకో బట్ట తీసుకుని విదిలించాడు.

"చెప్తా," అంది కార్తీక.

*

శుక్రవారం మధ్యాహ్నం బ్రీఫింగ్‌కు రోజూ వచ్చేవాళ్ళు కాక, సెక్యూరిటీ అతన్నీ లాండ్రీ అతన్నీ కూడా పిలిపించింది. భక్తవత్సలానికి ఎందుకో చెప్పలేదు. కొత్త మెనూ కదా, అందరికీ తెలియాలని అనుకున్నాడేమో, అతనూ వచ్చి వెనక నిలబడ్డాడు. మునికృష్ణ ఇస్త్రీ చేసిన నల్ల వెయిస్ట్‌కోటుతో కౌంటర్ అవతల, బయటివాడిలా నిలబడ్డాడు.

కార్తీక రాత్రంతా మాటలు కూర్చుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. సీసాను కౌంటర్ మీద పెట్టింది.

"ఇందులో వాసన లేదని మొన్న నేను అన్నాను. ఉంది. నాకు రాదు," అంది తమిళంలో. "ఈ పువ్వు వాసన నాకు పుట్టుకతోనే తెలియదట. ఆ సంగతి నాకు తెలియక, మునికృష్ణ అన్న అబద్ధం చెబుతున్నాడని అన్నాను. ఆయన నిజం చెప్పాడు. ఆయన సంచి వెతికించింది నా మాట మీదే. అది తప్పు."

సెక్యూరిటీ అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లాండ్రీ అతను ముందుకు వచ్చి, అనుమానంగా సీసామీద వంగి, వాసన చూసి, కళ్ళు పెద్దవి చేశాడు. "అయ్యో, ఇంత వాసన వస్తుంటేనా?" అన్నాడు. ఎవరో వెనక నవ్వారు.

భక్తవత్సలం గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు నాకు జలుబు," అన్నాడు. ఎవరూ అడగలేదు. తర్వాత వాచీ చూసుకుని, "సర్వీసు అయ్యాక ఒకసారి నా గదికి రా. పైన బార్ విషయం మాట్లాడాలి," అని వెళ్ళిపోయాడు. ఏం మాట్లాడతాడో ఆమెకు తెలుసు. తెలిసీ, ఇన్ని రోజుల్లో మొదటిసారి, కాళ్ళు ఒకచోట నిలబడ్డాయి.

బీగాల గుత్తి తీసి మునికృష్ణకు ఇచ్చింది. అతను తీసుకుని నడుముకు తగిలించుకున్నాడు. "వస్తా మేడం," అని కౌంటర్ చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కత్తి అంచు వేలితో చూసి, మొద్దుబారిందని కేశవ్‌కు ఇచ్చాడు. కేశవ్ "సారీ అన్నా" అన్నాడు. "ముందు కత్తి సాన పెట్టు," అన్నాడు మునికృష్ణ.

తలుపులు తెరిచిన కాసేపటికే మొదటి ఏవియేషన్ ఆర్డర్ వచ్చింది. కిటికీ పక్క బల్ల. మునికృష్ణ షేకర్‌లో ఐసు వేశాడు, జిన్ కొలిచాడు, నిమ్మరసం, చెర్రీ. చివర వయొలెట్ సీసా ఎత్తాడు. చెంచా నిండి కొంచెం ఒలికి షేకర్‌లోనే పడింది. మూత పెట్టి, భుజం పైన గట్టిగా ఊపి, చల్లగా గ్లాసులోకి వడకట్టాడు. పల్చటి ఊదారంగు మెల్లగా పైకి లేచింది.

గ్లాసును ట్రేలో పెట్టబోయిన కార్తీక ఆగింది. రంగు ఆమెకు తెలుసు. మిగతాది తెలియదు. శుభ్రమైన చెంచా ఒకటి తీసి, గ్లాసు అంచులోంచి కొంచెం తీసుకుని కలైవాణికి ఇచ్చింది.

"చెప్పు."

కలైవాణి చెంచాను ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత నాలుక మీద వేసుకుంది. అలవాటుగా తల ఎత్తి కార్తీక మొహంలోకి చూసింది, అక్కడ జవాబేదో రాసి ఉన్నట్టు. తర్వాత మునికృష్ణ మొహంలోకి చూసింది.

కార్తీక వెనక్కి తిరిగింది. కౌంటర్‌కు వీపు పెట్టి, అరలో సీసాలకు ఎదురుగా నిలబడింది. పక్కన మునికృష్ణ కూడా, ఏమీ అడగకుండా, ఐసు డబ్బా వైపు తిరిగాడు.

కిటికీ పక్క బల్లనుంచి ఎవరో చెయ్యెత్తి పిలిచారు. కార్తీక తిరగలేదు.

"పువ్వు ఎక్కువైంది అన్నా," అంది కలైవాణి. "సబ్బు తిన్నట్టుంది. ఇది పంపొద్దు."

మునికృష్ణ గ్లాసు తీసుకుని, వాసన చూసి, సింకులో ఒంపేశాడు. "కరెక్టే," అన్నాడు, మళ్ళీ ఐసు వేస్తూ.